జోన్స్ యాక్ట్ రెండు చోట్ల ఎందుకుంది? అమెరికా ఓడల చట్టాల్లో దారి వెతుక్కోవడం

"జోన్స్ యాక్ట్ అంటే ఏమిటి" అని అమెరికాలో ఓడల సంగతి తెలిసిన ఇద్దరిని విడివిడిగా అడిగి చూడండి. సరుకు రవాణా చేసే ఆయన, ఒక అమెరికా పోర్టు నుంచి ఇంకో అమెరికా పోర్టుకు సరుకు తీసుకెళ్ళే ఓడ అమెరికాలోనే కట్టినదై ఉండాలి, అమెరికావాళ్ళదే అయి ఉండాలి, అలా చెప్పే చట్టం అంటాడు. దెబ్బలు తగిలిన సీమెన్ తరఫున కేసులు వాదించే లాయరు మాత్రం, ఓడ మీద పనిచేస్తూ గాయపడిన మనిషి యజమాని మీద దావా వేసి జ్యూరీ ముందు పరిహారం అడిగే హక్కు ఇచ్చిన చట్టం అంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఆ రెండు సమాధానాలు పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళకు తల తిరిగిపోతుంది.

కథ ఇదీ. 1920లో అమెరికా కాంగ్రెస్ మర్చంట్ మెరీన్ యాక్ట్ అని ఒక పెద్ద చట్టం చేసింది, దాన్ని ముందుండి నడిపించింది వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ వెస్లీ జోన్స్. అందులో 27వ సెక్షన్ దేశం లోపలి పోర్టుల మధ్య రవాణా గురించి, 33వ సెక్షన్ గాయపడ్డ సీమెన్ గురించి. రెండింటినీ జనం ఆయన పేరుతోనే పిలుచుకున్నారు. తర్వాత చట్టాలను విషయాలవారీగా సర్దినప్పుడు ఆ సెక్షన్లు విడిపోయాయి, ఇవాళ మొదటిది అమెరికా చట్టాల సంకలనంలో 46వ టైటిల్‌లో (టైటిల్ అంటే ఒక్కో విషయానికి కేటాయించిన అర) సెక్షన్ 55102, రెండోది అదే టైటిల్‌లో సెక్షన్ 30104. పాత తీర్పులు తిరగేస్తే ఇవే 883, 688 అన్న నంబర్లతో కనిపిస్తాయి. ఇది చాలదన్నట్టు, ప్యూర్టోరికో వాళ్ళకు అమెరికా పౌరసత్వం ఇచ్చిన 1917 నాటి చట్టాన్ని కూడా జోన్స్ యాక్టే అంటారు, ఆ జోన్స్ వర్జీనియాకు చెందిన వేరే మనిషి. తుఫాను వచ్చినప్పుడు ప్యూర్టోరికోకు సరుకు వెళ్ళడానికి జోన్స్ యాక్ట్ అడ్డొస్తోందని వార్తల్లో వచ్చేది మాత్రం 1920 నాటి చట్టం గురించి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అమెరికా ఓడల చట్టాలను యాక్టుల పేర్లు పట్టుకుని వెతకొద్దు, మీ ప్రశ్న పట్టుకుని వెతకండి. ఓడ భద్రంగా ఉందా, నష్టం ఎవరు కట్టాలి, ఛార్జీలు న్యాయమేనా, ఆ ఓడకు ఆ పని చేసే అర్హత ఉందా. ఈ నాలుగు ప్రశ్నలకూ నాలుగు వేర్వేరు చోట్లున్నాయి, నాలుగింటినీ చూసే ఆఫీసులు కూడా చాలావరకు వేరే. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళకు, షిప్పుల్లో పనిచేసే మన కుర్రాళ్ళకు, అమెరికా నుంచి సామాను సర్దుకుని ఇంటికి తిరిగొచ్చే కుటుంబాలకు ఈ తేడా తెలియక జరిగే నష్టం చూస్తుంటే బాధేస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు అమరిక ఎలా పుట్టిందో చూద్దాం. కాంగ్రెస్ ఒక బిల్లు పాస్ చేసి ప్రెసిడెంటు సంతకం పెడితే దానికొక పబ్లిక్ లా నంబరు వస్తుంది. ఒకే చట్టంలో ఓడల గురించి కొంత, పన్నుల గురించి కొంత, సైన్యం గురించి కొంత ఉండొచ్చు. ప్రతినిధుల సభ కింద పనిచేసే లా రివిజన్ కౌన్సెల్ ఆఫీసు ఆ చట్టాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ విషయానిదో చూసి, యు.ఎస్. కోడ్ అనే పెద్ద సంకలనంలో సర్దుతుంది. ఆ కోడ్‌లో టైటిళ్ళ నంబర్లు 54 దాకా ఉన్నాయి. మన కళ్ళకు యాక్ట్ ఒక నిండు పుస్తకంలా కనిపిస్తుంది కానీ కోడ్‌లోకి వెళ్ళేసరికి దాని పేజీలు ఐదారు అరల్లోకి చెదిరిపోయి ఉంటాయి.

షిప్పింగ్‌కు ఇచ్చిన నంబరు 46. ఈ టైటిల్‌ను కాంగ్రెస్ 1983లో తిరగరాయడం మొదలుపెట్టి 2006లో చాలావరకు పూర్తిచేసింది, అంటే ఇరవై మూడేళ్ళు పట్టింది. ఆ మధ్య కాలంలో సర్దినవి అసలు టైటిల్‌లో, సర్దనివి అనుబంధంలో ఉండేవి, కాబట్టి ఆ రోజుల తీర్పుల్లో సెక్షన్ నంబరు పక్కన "అనుబంధం" అన్న గుర్తు కనిపిస్తే కంగారు పడకండి. ఇంకో తేడా కూడా ఉంది. 46వ టైటిల్‌ను కాంగ్రెస్ స్వయంగా చట్టంగా ఆమోదించింది, అందులోని మాటే చట్టం. నౌకాయానం, జలమార్గాల గురించి చెప్పే 33వ టైటిల్ అలా కాదు, అక్కడ కోడ్‌లోని మాటకూ అసలు యాక్ట్‌లోని మాటకూ తేడా వస్తే అసలు యాక్టే చెల్లుతుంది. లాయర్లు 33 దగ్గరికొచ్చేసరికి పాత యాక్టుల ప్రతులు తిరగేసేది అందుకే.

46వ టైటిల్ లోపల ఎనిమిది సబ్‌టైటిళ్ళు. మొదటిది నిర్వచనాలు, సంస్థలు, సాధారణ విషయాలు. రెండోది ఓడలు, వాటిమీద పనిచేసే మనుషులు: తనిఖీలు, లైసెన్సులు, ఎంతమంది సిబ్బంది ఉండాలి, జీతాలెప్పుడివ్వాలి. మూడోది బాధ్యత, నష్టం జరిగితే ఎవరు ఎంత కట్టాలి. నాలుగోది సముద్ర రవాణా వ్యాపారం మీద నియంత్రణ, రేట్లు, ఒప్పందాలు, ఛార్జీలు. ఐదోది మర్చంట్ మెరీన్, అంటే దేశానికి సొంత వాణిజ్య నౌకలు ఉండాలన్న విధానం, సబ్సిడీలు, దేశీయ రవాణా. ఆరోది ఓడ పోర్టు వదలడానికి అనుమతులు, టన్నేజీ పన్నులు, ఏడోది భద్రత, మాదకద్రవ్యాలు, ఎనిమిదోది మిగిలినవన్నీ. సెక్షన్ నంబరు మొదటి అంకె చూసి కూడా చాలాసార్లు ఊహించొచ్చు: 3తో మొదలయ్యే ఐదంకెల నంబరైతే బాధ్యత, 4 అయితే వ్యాపార నియంత్రణ, 5 అయితే మర్చంట్ మెరీన్. మొదటి రెండు సబ్‌టైటిళ్ళలో ఇది పనిచేయదు, రెండోదాని నంబర్లు 2101 దగ్గర మొదలై ఐదంకెల్లోకి పోతాయి.

ఇలా చెప్తే శుభ్రంగా సర్దిన బీరువాలా ఉంది కదా. కానీ ఒక్క పని తీసుకుని వెతకండి, అన్ని అరలూ తెరవాల్సి వస్తుంది. దేశీయ రవాణానే తీసుకుందాం. సరుకు మాట 55102లో ఉంది. ఓడ అమెరికాలో కట్టినదై ఉండాలన్న షరతు, దానికి ఇచ్చే ధ్రువీకరణ 12112లో, అంటే రెండో సబ్‌టైటిల్‌లో. కంపెనీలో 75 శాతం వాటా అమెరికా పౌరులది కావాలన్నది 50501లో. సిబ్బంది ఎవరన్నది 8103లో: ఆఫీసర్లు పౌరులే కావాలి, కింది సిబ్బందిలో మాత్రం నాలుగో వంతు మించకుండా గ్రీన్‌కార్డు వాళ్ళను తీసుకోవచ్చు. వీటికి మినహాయింపు ఇచ్చే అధికారం ఎక్కడో మొదట్లో, 501లో, అదీ దేశ రక్షణ అవసరమైతేనే. 2017లో మరియా తుఫాను తర్వాత ప్యూర్టోరికోకు పది రోజుల మినహాయింపు ఇచ్చింది ఆ దారిలోనే. ఇన్ని చూసి ఇదంతా కోస్ట్ గార్డ్ పని అనుకుంటాం, కానీ ఓడ తప్పుగా సరుకు మోసిందా లేదా అని చూసి జరిమానా వేసేది కస్టమ్స్ శాఖ.

మనవాళ్ళకు ఇది నేరుగా తగిలే చోటు అలాస్కా క్రూయిజ్. అమ్మానాన్నలు వేసవికి అమెరికా వచ్చినప్పుడు సియాటిల్ నుంచి ఓడెక్కించి హిమానీనదాలు చూపించి తీసుకొచ్చే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఓడ మధ్యలో కెనడాలోని విక్టోరియాలో సాయంత్రం కాసేపు ఎందుకు ఆగుతుందో గమనించారా? ఆ పెద్ద ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా లాంటి దేశాల జెండాతో తిరుగుతాయి. 1886 నాటి ఇంకో చట్టం, ఇప్పుడు 55103, విదేశీ ఓడలు అమెరికా పోర్టుల మధ్య ప్రయాణికులను మోయకూడదంటుంది, బయల్దేరిన పోర్టుకే తిరిగొచ్చే ప్రయాణమైతే మధ్యలో ఒక విదేశీ పోర్టు తగిలితే అడ్డంకి లేకుండా సాగుతుంది. 2021లో కోవిడ్ వల్ల కెనడా తన పోర్టులు క్రూయిజ్ ఓడలకు మూసేసినప్పుడు అలాస్కా సీజన్ మొత్తం పోయేలా ఉంటే, కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక తాత్కాలిక చట్టం చేయాల్సి వచ్చింది. కెనడాలో ఆగితే వీసా తప్పనిసరి కావచ్చు కాబట్టి టికెట్ కొనేముందు పెద్దవాళ్ళకు కెనడా వీసా సంగతి చూసుకోండి.

ఇక మూడో సబ్‌టైటిల్, నష్టం ఎవరు కట్టాలన్నది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడి పాత నియమం ఒకటి ఇప్పటికీ మనసును కలచివేస్తుంది.

2024 మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్‌లో డాలి అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొట్టింది. వంతెన కూలిపోయింది. పైన రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు పనివాళ్ళు చనిపోయారు. ఓడ సింగపూర్ జెండాది, సిబ్బంది దాదాపు అందరూ భారతీయులు. వారం తిరక్కుండానే ఓడ యజమాని, నిర్వహణ కంపెనీ కోర్టుకెళ్ళి, మా బాధ్యతను సుమారు 4.37 కోట్ల డాలర్లకు పరిమితం చేయండని అడిగాయి. ఇంత ప్రమాదానికి ఆ లెక్క ఎక్కడిది? ప్రమాదం తర్వాత ఓడకు మిగిలిన విలువ, ఆ ప్రయాణానికి రావలసిన కిరాయి, అంతే. 1851లో చేసిన బాధ్యతా పరిమితి చట్టం ఈ హక్కు ఇస్తుంది, ఇప్పుడది 46వ టైటిల్ 305వ అధ్యాయం. అప్పట్లో ఓడ సముద్రంలోకి వెళ్ళాక యజమానికి దానిమీద ఏ అజమాయిషీ ఉండేది కాదు, అమెరికాలో ఓడల మీద పెట్టుబడి పెట్టేవాళ్ళు బెదిరిపోకూడదని చేసిన చట్టం అది. ప్రమాదానికి కారణమైన లోపం యజమానికి తెలిసి, అతని ప్రమేయంతో జరిగి ఉంటే మాత్రం ఈ రక్షణ దక్కదు. అందుకే ఇలాంటి కేసుల్లో వాదనంతా ఒడ్డునున్న ఆఫీసుకు ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ చట్టంలో "మిగిలిన విలువ" అన్న మాట ఎంత కఠినమైనదో టైటానిక్ చెప్తుంది. 1914లో అమెరికా సుప్రీంకోర్టు, బ్రిటిష్ ఓడైనా సరే అమెరికా కోర్టులో ఈ పరిమితి అడగొచ్చంది. ఓడ సముద్రం అడుగుకు పోయింది కాబట్టి మిగిలినవి లైఫ్‌బోట్లు, కిరాయి డబ్బులు, అన్నీ కలిపి దాదాపు 92 వేల డాలర్లు. చివరికి రాజీ కుదిరి అంతకంటే ఎక్కువే ఇచ్చారు కానీ, చట్టం ప్రకారం మొదలైన లెక్క అది. తర్వాతి కాలంలో మరణాలకూ గాయాలకూ విడిగా టన్నుకు 420 డాలర్ల లెక్కన కొంత నిధి చేర్చారు. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవ రాత్రిపూట కాలిపోయి 34 మంది చనిపోయినప్పుడు, నాలుగు రోజులు తిరక్కముందే యజమానులు ఇదే చట్టం కింద కోర్టుకెళ్ళారు. ఆ కుటుంబాల పోరాటం తర్వాత, 2022 చివర్లో కాంగ్రెస్ చిన్న ప్రయాణికుల పడవలను ఈ పరిమితి నుంచి తప్పించింది. కంటైనర్ ఓడలకు మాత్రం 1851 నాటి సూత్రమే ఇంకా నడుస్తోంది, నాకు అది న్యాయంగా అనిపించదు. ఒడ్డున కూర్చుని నిమిషనిమిషం ఓడ ఎక్కడుందో తెరమీద చూసే యజమానికి, తెరచాపల కాలం యజమానికి ఇచ్చిన రక్షణ ఎందుకివ్వాలి?

కాన్సెప్షన్ కెప్టెన్ మీద పెట్టిన నేరం చూడండి, అది 46లో లేనే లేదు. 18వ టైటిల్, అంటే నేరాల టైటిల్‌లో సెక్షన్ 1115. నిర్లక్ష్యంతో ప్రాణాలు పోవడానికి కారణమైన ఓడ అధికారులను శిక్షించే ఈ మాట 1838లో స్టీమ్‌బోట్లు పేలిపోతున్న రోజుల్లో పుట్టింది. 2024లో ఆయనకు నాలుగేళ్ళ జైలు పడింది దాని కిందే.

డాలి విషయంలోనూ అంతే, 46వ టైటిల్ ఒక్కటే తెరిచి కూర్చుంటే సగం కథే దొరుకుతుంది. ఓడను నడిపిస్తున్న పైలట్లు (పోర్టు దగ్గరి నీళ్ళలో ఓడకు దారి చూపే స్థానిక నిపుణులు) మేరీల్యాండ్ రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్ళు. విదేశీ వ్యాపారంలో ఉన్న ఓడలకు పైలట్లను రాష్ట్రాలే చూసుకోవాలని 1789 నుంచీ ఉన్న ఏర్పాటు, ఇప్పుడు సెక్షన్ 8501. నది మూసుకుపోతే శిథిలాలు తీయాల్సిన పని ఆర్మీ ఇంజనీర్లది, వాళ్ళ చట్టం 33వ టైటిల్. చమురు కారితే దాని లెక్క 1990 నాటి ఆయిల్ పొల్యూషన్ యాక్ట్, అదీ 33వ టైటిల్‌లోనే, దానికి పరిమితులు వేరే, 1851 చట్టం అక్కడ పనికిరాదు. అమెరికా న్యాయశాఖ 2024 సెప్టెంబరులో ఓడ కంపెనీల మీద దావా వేసినప్పుడు వాడుకున్నది ఈ 33వ టైటిల్ దారులనే, తోడుగా కోర్టులు తీర్పుల ద్వారా తయారుచేసిన సముద్ర న్యాయాన్నీ వాడుకుంది. నెల తర్వాత దాదాపు 10.2 కోట్ల డాలర్లకు ఆ కేసు రాజీ అయింది, అదీ ప్రభుత్వం ప్రమాద స్థలంలో చేసిన ఖర్చుకు మాత్రమే, వంతెన మళ్ళీ కట్టే ఖర్చు అందులో లేదు. పరిమితి 4.37 కోట్లని మొదలుపెట్టినవాళ్ళు ఒక్క ప్రభుత్వానికే అంతకు రెట్టింపు పైగా కట్టారంటే, ఏ అర తెరిచామన్నది ఎంత తేడా తెస్తుందో చూడండి.

కోర్టుల సముద్ర న్యాయం అన్నాను కదా, ఇది ఏ టైటిల్‌లోనూ రాసి ఉండదు. అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం సముద్ర సంబంధ కేసులన్నింటినీ ఫెడరల్ కోర్టులకు అప్పగించింది, రెండు వందల ఏళ్ళకు పైగా జడ్జిలు తీర్పుమీద తీర్పు పేర్చి ఒక న్యాయశాస్త్రమే కట్టారు. ఓడ మీద జబ్బుపడ్డ సీమెన్‌కు తప్పెవరిదైనా సరే తిండి, వసతి, వైద్యం యజమానే పెట్టుకోవాలన్నది అక్కడిదే. ఓడ ప్రయాణానికి తగినట్టు లేకపోతే యజమానిదే బాధ్యతన్నది కూడా అక్కడిదే. కోడ్ ఎంత వెతికినా ఇవి ఒక సెక్షన్ కింద దొరకవు.

ఇప్పుడు రొయ్యల దగ్గరికి వద్దాం. భీమవరం, నెల్లూరు చెరువుల్లోంచి బయల్దేరిన సరుకులో పెద్ద భాగం వెళ్ళేది అమెరికాకే. గడ్డకట్టించిన రొయ్యల కంటైనర్ దారిలో కూలింగ్ పోయి పాడైందనుకోండి, ఓడ కంపెనీ ఎంత కట్టాలి? 1936 నాటి సముద్ర సరుకు రవాణా చట్టం ప్రకారం ఒక ప్యాకేజీకి గరిష్ఠంగా 500 డాలర్లు. 1936లో 500 డాలర్లంటే పెద్ద మొత్తం, ఆ అంకె ఇవాళ్టికీ మారలేదు. ఇంత ముఖ్యమైన చట్టం 46వ టైటిల్‌లో ఏ సెక్షనో అని వెతికితే, సెక్షనే లేదు. 2006 సర్దుబాటులో దీన్ని కలపలేదు, సెక్షన్ 30701 కింద ఒక నోట్‌గా అచ్చు వేస్తారు. పైన కనిపించే 30701 ఏమో 1893 నాటి హార్టర్ యాక్ట్, అదీ సరుకు మీద ఓడ కంపెనీ బాధ్యత గురించే. ఓడెక్కించినప్పటి నుంచి దించేదాకా నోట్‌లోని చట్టం, దానికి ముందూ వెనుకా హార్టర్. కోట్ల డాలర్ల సరుకు మీద హక్కులు ఒక నోట్‌లో ఉన్నాయని తెలియని ఎగుమతిదారులు ఎంతమందో.

ప్యాకేజీ అంటే ఏమిటన్న దాని మీదే డబ్బంతా ఆధారపడి ఉంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) సరుకు వివరం దగ్గర ప్యాకేజీల లెక్క "ఒక కంటైనర్" అని మాత్రమే రాస్తే, కంటైనరంతా ఒకే ప్యాకేజీ అనే వాదనకు తావిచ్చినట్టే, అంటే 500 డాలర్లు. అదే "1500 కార్టన్లు" అని రాసి ఉంటే గరిష్ఠ పరిమితి 1500 రెట్లు, ఏడున్నర లక్షల డాలర్లు. అంత వస్తుందని కాదు, అసలు నష్టం ఎంతో అంతవరకే వస్తుంది, కానీ అడ్డుగోడ తొలగిపోతుంది. లోపలి పెట్టెల సంఖ్య బిల్లులో రాసి ఉంటే పెట్టెలనే ప్యాకేజీలుగా లెక్కించిన తీర్పులు అమెరికాలో 1980ల మొదటి నుంచీ ఉన్నాయి. కాబట్టి డాక్యుమెంటేషన్ చేసే కుర్రాడు తొందరలో ఆ గడిలో ఏం టైప్ చేస్తాడో యజమాని ఒకసారి కళ్ళారా చూసుకోవాలి. పైకి కనిపించని నష్టమైతే డెలివరీ అయిన మూడు రోజుల్లో నోటీసు, దావా వేయాలంటే ఏడాది గడువు, ఇవీ ఆ నోట్‌లోనే ఉన్నాయి. మరి సుంకాల గొడవ? అది 19వ టైటిల్, కస్టమ్స్, దానికీ ఈ చట్టానికీ సంబంధం లేదు.

నాలుగో సబ్‌టైటిల్‌కు కాపలా ఫెడరల్ మారిటైమ్ కమిషన్. 1961లో ఏర్పడింది, ఐదుగురు కమిషనర్లు, ఏ మంత్రిత్వ శాఖ కిందా ఉండదు. 1984 నాటి షిప్పింగ్ యాక్ట్, దానికి 1998లో, 2022లో చేసిన మార్పులు దీని చేతిలో ఉంటాయి. ఓడ కంపెనీలు కలిసి ఒప్పందాలు చేసుకుంటే మామూలుగా గుత్తాధిపత్య నిరోధక చట్టం కిందకు రావాలి, ఇక్కడ మాత్రం ఒప్పందాన్ని కమిషన్ దగ్గర దాఖలు చేస్తే ఆ చట్టం నుంచి మినహాయింపు. ఇంత పెద్ద సదుపాయం ఇచ్చారు కాబట్టే కమిషన్‌కు నిఘా పెట్టే బాధ్యతా ఉంది. కోవిడ్ కాలంలో పోర్టుల్లో కంటైనర్లు పేరుకుపోయి, తీసుకుపోవడానికి లారీ దొరకని రోజుల్లో కూడా ఛార్జీలు పడుతూనే ఉండటంతో దిగుమతిదారులు గగ్గోలు పెట్టారు, 2022 జూన్‌లో వచ్చిన సవరణకు అదే మూలం. టెర్మినల్లో గడువు దాటి కంటైనర్ ఉంచితే పడేది డెమరేజ్, బయటికి తీసుకెళ్ళి ఖాళీ కంటైనర్ గడువులోగా తిరిగివ్వకపోతే డిటెన్షన్. 2024 మే 28 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఛార్జీ ఆగిన 30 రోజుల్లోగా బిల్లు పంపాలి, బిల్లులో ఉండాల్సిన వివరాలు లేకపోతే కట్టాల్సిన పని లేదు, తప్పుందనిపిస్తే అభ్యంతరం చెప్పడానికి కనీసం 30 రోజులివ్వాలి. న్యూజెర్సీలో, టెక్సస్‌లో ఇండియన్ స్టోర్లకు సరుకు తెప్పించే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇదే కమిషన్ ఇళ్ళ సామాను పంపేవాళ్ళకూ పనికొస్తుంది. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం హైదరాబాద్ తిరిగొచ్చేస్తూ సామానంతా ఒక మూవర్‌కు అప్పగించారు. చవగ్గా చెప్పాడని ఒప్పుకున్నారు, సామాను చేతికెళ్ళాక రేటు పెంచాడు, నెలల తరబడి అది ఏ గోడౌన్లో ఉందో కూడా చెప్పలేదు. వాళ్ళు పోలీసులకూ, బ్యాంకుకూ, అందరికీ ఫిర్యాదు చేశారు కానీ సముద్రం మీదుగా సరుకు పంపే మధ్యవర్తికి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ లైసెన్సు ఉండాలన్న సంగతే తెలియదు. అమెరికాలో ఉన్న ఇలాంటి కంపెనీలు లైసెన్సుతో పాటు బాండు (హామీ) కూడా పెట్టాలి, ఫార్వర్డర్‌కు (మన తరఫున ఓడ కంపెనీతో ఏర్పాట్లు చేసేవాళ్ళకు) 50 వేల డాలర్లు, సొంత ఓడ లేకుండా రవాణా ఒప్పుకునేవాళ్ళకు 75 వేలు. లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా కమిషన్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు, వివాదాలు మాట్లాడి తీర్చే విభాగమూ ఉంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఐదు నిమిషాలు ఆ జాబితా చూడండి. ఒక్క మాట, కమిషన్ అధికారం విదేశీ వ్యాపారం వరకే. హవాయికో ప్యూర్టోరికోకో పంపే సరుకు రేట్ల గొడవైతే అది 49వ టైటిల్, సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు.

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా కాంగ్రెస్ చేసిన చట్టాలు. వాటి కింద శాఖలు రాసే నియమాలకు వేరే సంకలనం ఉంది, కోడ్ ఆఫ్ ఫెడరల్ రెగ్యులేషన్స్, రోజువారీ పని నడిచేది దాంతోనే. అందులోనూ షిప్పింగ్ 46, జలమార్గాలు 33, కాబట్టి రెండు సంకలనాల్లో నంబర్లు ఒకటే అనుకుంటారు. అలా అనుకుని 14వ టైటిల్ తీస్తే, చట్టాల కోడ్‌లో అది కోస్ట్ గార్డ్, నియమాల కోడ్‌లో విమానాలు, అంతరిక్షం. ఎవరైనా "46లో 541" అంటే ఏ కోడ్ అని తప్పక అడగండి. నియమాల 46లో మొదటి అధ్యాయం కోస్ట్ గార్డ్‌ది, రెండోది రవాణా శాఖలోని మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్‌ది, మూడోది గ్రేట్ లేక్స్ పైలట్లది, నాలుగోది ఫెడరల్ మారిటైమ్ కమిషన్‌ది. డెమరేజ్ బిల్లుల నియమం ఉన్నది ఆ నాలుగో అధ్యాయంలో, 541వ భాగంగా. కోస్ట్ గార్డ్ అధ్యాయం మళ్ళీ అక్షరాలుగా చీలుతుంది, డి అంటే ట్యాంకర్లు, ఐ అంటే సరుకు ఓడలు, టి అంటే చిన్న ప్రయాణికుల పడవలు, ఎమ్ అంటే టగ్‌బోట్లు. ఇన్‌స్పెక్టర్లు పడవను "టి బోటు" అని పిలవడం ఇక్కడి నుంచి వచ్చిందే, కాన్సెప్షన్ కూడా టి బోటే.

చివరగా షిప్పుల్లో పనిచేసేవాళ్ళకు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళే చాలామంది కుర్రాళ్ళకు తమ ఓడ అమెరికా పోర్టులో ఉన్నప్పుడు తమకేం హక్కులుంటాయో ఎవరూ చెప్పరు, ఏజెంటు అసలే చెప్పడు. రెండో సబ్‌టైటిల్‌లో 10313 అనే సెక్షన్ ఒకటుంది. ప్రయాణం ముగిశాక సరుకు దించిన 24 గంటల్లోనో, మనిషిని పనిలోంచి పంపేసిన నాలుగు రోజుల్లోనో, ఏది ముందైతే అప్పటికి మిగిలిన జీతం ఇచ్చేయాలి. తగిన కారణం లేకుండా ఆపితే, ఆపిన ప్రతి రోజుకూ రెండు రోజుల జీతం అదనంగా కట్టాలి. 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన గ్రిఫిన్ కేసులో, గాయపడిన మనిషి జీతంలోంచి యజమాని తిరుగు ప్రయాణం ఖర్చని 412 డాలర్ల 50 సెంట్లు పట్టుకున్నాడు, ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. చట్టంలో "ప్రతి రోజుకూ" అని రాసి ఉంటే ప్రతి రోజుకూ అనే అర్థం అని కోర్టు తేల్చింది, లెక్కేస్తే 3,02,790 డాలర్ల 40 సెంట్లు అయింది. మీ కాంట్రాక్టులో వివాదాలు ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) వెళ్ళాలన్న షరతుంటే కోర్టులు చాలాసార్లు అక్కడికే పొమ్మంటాయి, కాబట్టి సంతకం పెట్టేముందే ఆ పేజీ చదవండి, ఓవర్‌టైం లెక్కలు, జీతం చీటీలు ఫోన్లో ఫొటోలు తీసి దాచుకోండి. ఎందుకంటే అదే సెక్షన్ చివర్లో ఇంకో మాట ఉంది: అమెరికా రేవులో ఉన్న విదేశీ ఓడ మీది సీమెన్‌కు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుంది, దాన్ని అమలు చేయించుకోవడానికి కోర్టులు అతనికి తెరిచే ఉంటాయి.